సెకండ్ హ్యాండ్ గిటార్ టాప్ పగిలితే

నమస్కారమండీ. ఈరోజు గిటార్ గురించి మాట్లాడుకుందాం, కొత్తది కాదు, ఎవరో కొన్నాళ్ళు వాడి అమ్మేసిన అకూస్టిక్ గిటార్, పైన చెక్కకి సన్నగా బీట తీసినది. మన వైజాగ్‌లో గిటార్ నేర్చుకుందామనుకునే పిల్లలు చాలామంది సెకండ్ హ్యాండ్‌తోనే మొదలుపెడతారు, ఉద్యోగం వచ్చి ఊరొదిలి వెళ్ళిపోయే సీనియర్ దగ్గరో, ఫోన్‌లో ఫొటో చూసి గాజువాకలో ఎవరింటికో వెళ్ళో కొంటారు, తీరా ఇంటికొచ్చాక పగులు కనబడితే డబ్బులు పోయాయని బీరువా పక్కన పెట్టేస్తారు. అలా పెట్టేయొద్దు. ఆ పగులు చాలావరకు బాగయ్యేదే, కాకపోతే జిగురు సంగతి తర్వాత, ముందు గాలిలో తేమ సంగతి చూసుకోవాలి.

గిటార్‌కి గొంతు అంటే టాపే, అంటే తీగల కిందుండే ఆ పైచెక్కే. 1862లో స్పెయిన్‌లో ఆంటోనియో డి టోర్రెస్ అనే గిటార్ల తయారీదారు ఈ మాట నిరూపించడానికి వెనక భాగం, పక్కలు అట్టతో చేసి, టాప్ ఒక్కటే మంచి స్ప్రూస్ చెక్కతో పెట్టి గిటార్ తయారుచేశాడు, అది ఇప్పటికీ బార్సిలోనా మ్యూజియంలో ఉంది. మన బొబ్బిలి వీణ పనస దుంగ తొలిచి చేస్తారు కాబట్టి గట్టిగా ఉంటుంది, గిటార్ టాప్ మందం మాత్రం రెండున్నర, మూడు మిల్లీమీటర్లే, ఆ పల్చటి చెక్క మీద 6 స్టీల్ తీగలూ కలిసి సుమారు 70 కిలోల బరువుతో లాగుతుంటాయి.

మరి పగులు ఎందుకొస్తుంది? చెక్క ఆరితే అడ్డంగా కుంచించుకుపోతుంది, పొడుగులో దాదాపు మారదు. లోపల అడ్డంగా అంటించిన బ్రేసులు, అంటే సన్న కర్రలు, ఆ కుంచించుకోవడాన్ని పట్టి ఆపేస్తాయి, దాంతో చెక్క తన నిలువు గీతల వెంబడే చీలిపోతుంది. కొన్ని పాత గిటార్లకి ప్లాస్టిక్ పిక్‌గార్డ్‌ని, అంటే వాయించేటప్పుడు టాప్ గీసుకుపోకుండా పెట్టే రేకుని, నేరుగా చెక్క మీదే అంటించేవారు, అది ఏళ్ళు గడిచేకొద్దీ ముడుచుకుని దాని అంచునే చీలుస్తుంది.

ఇప్పుడు మన ఊరి సంగతి. సముద్రం గాలికి ఇక్కడ తేమ ఏడాదిలో చాలా రోజులు 70 శాతం పైనే ఉంటుంది, గిటార్‌కి కావలసింది 45 నుంచి 55. హైదరాబాద్ ఎండల్లో పగిలిన గిటార్ వైజాగ్ వచ్చేసరికి తేమ పీల్చుకుని పగులు దానంతటదే మూసుకుపోతుంది, కిటికీలు తెరిచున్న ఇంట్లో చూసినవాళ్ళకి ఏమీ కనబడదు, అదే గిటార్ మనం తెచ్చి ఏసీ బెడ్‌రూమ్‌లో పెడితే కొన్నాళ్ళకి మళ్ళీ నోరు తెరుస్తుంది. అమ్మినవాళ్ళకి కూడా తెలిసుండకపోవచ్చు. అందుకే కొనేముందు గదిలో లైటు ఆపి, సౌండ్ హోల్, అంటే టాప్‌కున్న గుండ్రటి రంధ్రం, లోంచి ఫోన్ టార్చ్ లోపల పెట్టి చూడండి, వెలుతురు గీతలా బయటికొస్తే పగులు చెక్క దాటినట్టే. రెండు పక్కలా వేలితో మెల్లగా నొక్కండి, అంచులు కదిలితే అసలు పగులు, ఏమీ కదలకుండా మెరుపు పూతలోనే గీత ఉంటే అది పాలిష్ చిట్లడం, దాన్ని వదిలేయొచ్చు. సౌండ్ హోల్ అంచు కూడా చూడండి, పొరలు పొరలుగా కనిపిస్తే ప్లైవుడ్ టాప్, అది ఇలా ఎండి నిలువునా చీలడం అరుదు, దానికి పగులుంటే ఎక్కడో దెబ్బ తగిలిందని అనుకోవాలి.

రిపేర్‌కొస్తే, దయచేసి ఫెవిక్విక్ ముట్టుకోకండి, అది పాలిష్‌ని పాడుచేస్తుంది, పగుల్లో గట్టిపడ్డాక శుభ్రం చేయడానికీ రాదు. తర్వాత ఎవరైనా సరిగ్గా చేద్దామన్నా అసలు జిగురు చెక్కని పట్టుకోదు, నాకు చాలా బాధనిపించేది ఇలాంటి గిటార్లు చూసినప్పుడే. వేడిచేసి వాడే పాతకాలం చర్మం జిగురు కానీ, టైట్‌బాండ్ ఒరిజినల్ లాంటి పసుపు వుడ్ గ్లూ కానీ వాడాలి. కానీ అంతకంటే ముందు తీగలు వదులుచేసి, గిటార్‌ని కొన్ని రోజులు 50 శాతం దగ్గర తేమలో ఉంచాలి. వేరే ఊళ్ళలో అయితే తడి స్పాంజి పెట్టి చెక్కని ఉబ్బించమంటారు, మనకి చాలాసార్లు దానికి ఉల్టా చేయాలి, వానాకాలంలో ఉబ్బి మూసుకున్న పగులుకి అలాగే జిగురేస్తే, తర్వాత గది ఆరినప్పుడు దాని పక్కనే ఇంకోటి వస్తుంది. తేమ కొలిచే చిన్న మీటర్ కొన్ని వందలకే దొరుకుతుంది, తీసుకోండి.

పగులు చేత్తో కొద్దిగా నొక్కితే మూసుకునే స్థితికి వచ్చాక, దాని మీద జిగురు గీతలా వేసి వేలితో రుద్దుతూ, ఇంకో చెయ్యి సౌండ్ హోల్‌లోంచి పెట్టి చెక్కని కొంచెం పైకీ కిందకీ ఆడించండి, అప్పుడు జిగురు లోపలికి పీల్చుకుంటుంది, లోపలివైపు చుక్కలు కనబడేదాకా చేయాలి. తడిగుడ్డతో తుడిచేసి, రెండంచులూ ఒకే మట్టానికి తెచ్చి, మైనం కాగితం వేసి క్లాంపులతో కానీ లోపలొకటి బయటొకటి బలమైన అయస్కాంతాలతో కానీ బిగించి ఒక రోజంతా వదిలేయండి. ఆ తర్వాత లోపలివైపు పగులు మీదుగా గోరంత స్ప్రూస్ ముక్కలు, రెండు మిల్లీమీటర్ల లోపు మందం, అంచులు పల్చగా చెక్కి, నాలుగైదు సెంటీమీటర్లకి ఒకటి చొప్పున అంటించాలి, వాటి గీతలు పగులుకి అడ్డంగా ఉండాలి, లేకపోతే ఆ ముక్క కూడా అదే లైన్లో చీలిపోతుంది. బలంగా ఉంటుందని ఎక్కువ ముక్కలు పెట్టొద్దు, టాప్ ఊగితేనే కదా శబ్దం.

పగులు మూసుకోకుండా సందు ఉండిపోతే వుడ్ పుట్టీ పూయకండి, స్ప్రూస్ సన్న చీలిక చెక్కి దూర్చాలి, అది ఓపికున్న పని. బ్రిడ్జ్, అంటే టాప్ మీద తీగలు కట్టే చెక్క, పక్కన పగిలి, టాప్ తట్టినప్పుడు గరగరమంటుంటే లోపల బ్రేస్ ఊడిందేమో, అలాంటిది గిటార్లు బాగుచేసే అనుభవమున్న మనిషికే ఇవ్వండి. మామూలు కార్పెంటర్ మంచి పనివాడే అయినా మేకు కొట్టే ప్రమాదం ఉంది.

బాగైన గిటార్‌కి తీగలు ఒకేసారి పూర్తిగా బిగించకుండా రెండు మూడు రోజుల్లో మెల్లగా ట్యూనింగ్‌కి తెచ్చుకోండి, ఏసీ గాలి తగిలే గోడకి వేలాడదీయకుండా కేస్‌లో పెట్టండి, వానాకాలంలో కేస్‌లో సిలికా జెల్ ప్యాకెట్లు వేస్తే సరిపోతుంది. ఉంటానండీ మరి, నమస్కారం.