సబ్సిడీ తగ్గగానే ఎలక్ట్రిక్ స్కూటర్ల అమ్మకాలు సగానికి పడ్డాయి, ఎందుకు?

హాయ్ అందరికీ. 2023 మే నెల గుర్తుందా? ఎలక్ట్రిక్ స్కూటర్ షోరూమ్‌కి వెళ్తే చాలు, "అన్నా, జూన్ ఒకటి నుంచి రేటు పెరుగుతుంది, ఇవాళే బుక్ చేసుకో" అని ఒకటే తొందర పెట్టేవాళ్లు. ఆ నెలలో దేశం మొత్తం మీద లక్షకు పైగా ఎలక్ట్రిక్ టూవీలర్లు రిజిస్టర్ అయ్యాయి, జూన్‌లో ఆ సంఖ్య సగానికి కూడా రాలేదు. బండి అదే, బ్యాటరీ అదే, పెట్రోలు ధర కూడా అదే. మారింది సబ్సిడీ ఒక్కటే.

[స్క్రీన్ మీద: 3 యూనిట్ల బ్యాటరీ ఉన్న స్కూటర్ బొమ్మ, పక్కన సంవత్సరాలు]

అప్పట్లో నడిచిన కేంద్ర పథకం పేరు ఫేమ్-2. 10,000 కోట్లతో 2019లో మొదలైంది. 2021 జూన్‌లో టూవీలర్లకు సబ్సిడీని బ్యాటరీ సామర్థ్యంలో ప్రతి యూనిట్‌కి (అంటే కిలోవాట్-అవర్‌కి) 15,000 రూపాయలు చేశారు, బండి ఖరీదులో 40 శాతం దాటకూడదు అని షరతు పెట్టారు. అంటే 3 యూనిట్ల బ్యాటరీ బండికి దాదాపు 45,000 రూపాయలు ప్రభుత్వమే కట్టింది. 2023 జూన్ 1 నుంచి యూనిట్‌కి 10,000, ఫ్యాక్టరీ ధరలో 15 శాతం మించకూడదు. 2024 ఏప్రిల్‌కి బండికి 10,000. ఆ తర్వాత వచ్చిన పీఎం ఈ-డ్రైవ్‌లో రెండో ఏడాదికి 5,000 మాత్రమే. 45,000 నుంచి 5,000కి, నాలుగేళ్లలోనే.

దీన్ని చూసి చాలామంది "చూశారా, జనానికి ఎలక్ట్రిక్ బండి మీద ఇష్టమే లేదు, డబ్బులిచ్చి అంటగట్టారు" అంటారు. సగం నిజం. మిగతా సగం కోసం చిన్న లెక్క వేద్దాం.

హైదరాబాద్‌లో పెట్రోలు 107 రూపాయలు అనుకోండి, స్కూటర్ లీటరుకి 45 కిలోమీటర్లు ఇస్తే కిలోమీటరుకి సుమారు 2 రూపాయల 40 పైసలు. ఎలక్ట్రిక్ బండిని ఇంట్లో కరెంటుతో చార్జ్ చేసుకుంటే పాతిక, ముప్పై పైసలు. అంటే కిలోమీటరుకి దగ్గర దగ్గర 2 రూపాయలు మిగులు. ఎలక్ట్రిక్ బండి 30,000 ఎక్కువ ఖరీదు అనుకుందాం. రోజుకి 15 కిలోమీటర్లు తిరిగి ఆఫీసుకి వెళ్లొచ్చేవాడికి ఆ 30,000 వెనక్కి రావాలంటే వెయ్యి రోజులు పడుతుంది. ఫుడ్ డెలివరీ చేస్తూ రోజుకి 100 కిలోమీటర్లు తిరిగే కుర్రాడికి? 150 రోజులు, అంటే ఐదు నెలలు.

[ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి]

ఇక్కడే నాకు చిరాకేసే విషయం ఒకటి ఉంది. ఎక్కువ తిరిగేవాడికి సబ్సిడీ లేకపోయినా లెక్క కుదురుతుంది, అతనికి అడ్డం పడేది చేతిలో డబ్బు లేకపోవడం, లోన్ దొరక్కపోవడం. సబ్సిడీ నిజంగా మనసు మార్చింది ఎవరికంటే, బండి పెద్దగా తిరగని వాళ్లకి. ప్రజల డబ్బు ఎక్కువగా వెళ్లింది పెట్రోలు తక్కువ ఆదా అయ్యే బండికి! అందుకే రేటు పెరగ్గానే ముందు వెనక్కి తగ్గింది కూడా వాళ్లే అని నా అంచనా.

నమ్మకం కుదరకపోతే ఈ-రిక్షాలు చూడండి. ఢిల్లీలో, ఉత్తరప్రదేశ్‌లో, బీహార్‌లో లెడ్-యాసిడ్ బ్యాటరీలతో (ఇన్వర్టర్లలో వాడే పాతరకం) తిరిగే ఆ చిన్న బళ్లని మొదట్లో ఎవరూ పిలిచి ప్రోత్సహించలేదు, ఫేమ్-2 లెడ్-యాసిడ్ బ్యాటరీలకి సబ్సిడీ ఇవ్వలేదు, 2014లో ఢిల్లీ హైకోర్టు అయితే వాటిని ఆపేయమంది, 2015లో చట్టం మార్చి దారిలోకి తెచ్చారు. అప్పటికే అవి వీధుల నిండా ఉన్నాయి. రోజంతా తొక్కే రిక్షావాలాకి కాళ్లనొప్పి తగ్గి నాలుగు డబ్బులు ఎక్కువ మిగిలితే చాలు, ఎవరూ చెప్పక్కర్లేదు.

మరి సబ్సిడీ బదులు "ఎలక్ట్రిక్‌వే అమ్మాలి" అని ప్రభుత్వం ఆర్డర్ వేస్తే? అదీ ప్రయత్నించారు. 2019లో నీతి ఆయోగ్ 2023 నుంచి త్రీవీలర్లన్నీ, 2025 నుంచి 150 సీసీ లోపు టూవీలర్లన్నీ ఎలక్ట్రిక్‌వే అమ్మాలని ప్రతిపాదించింది. బజాజ్, టీవీఎస్, హీరో గట్టిగా అభ్యంతరం చెప్పాయి, ఆ గడువులు అమల్లోకి రాలేదు. ఆర్డర్ తేలిగ్గా నడిచేది ప్రభుత్వమే కొనే చోట. తిరుమల ఘాట్‌లో ఎలక్ట్రిక్ బస్సు వచ్చిందంటే భక్తుల్ని ఓటింగ్ అడిగి తేలేదు కదా.

ఇంకో సంగతి, భయం. 2022 ఏప్రిల్‌లో విజయవాడలో, నిజామాబాద్‌లో ఇళ్లలో స్కూటర్ బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. ఆ తర్వాత బ్యాటరీ పరీక్షల నిబంధనలు కఠినం చేశారు కానీ, మా అపార్ట్‌మెంట్‌లో సెల్లార్‌లో చార్జింగ్ పాయింట్ పెట్టుకుంటానని నేను అడిగితే ఇప్పటికీ మొదటి ప్రశ్న అదే. రెండో ప్రశ్న కరెంటు బిల్లు ఎవరు కడతారని. రెండు మీటింగులయ్యాయి, తేలలేదు. నాలుగో అంతస్తు నుంచి వైరు దింపుకోమన్నారు ఒక పెద్దాయన, సీరియస్‌గానే.

తెలంగాణలో 2024 నవంబర్ నుంచి ఎలక్ట్రిక్ బళ్లకి రోడ్ ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు పూర్తిగా మాఫీ, 2026 డిసెంబర్ 31 దాకా. 2020 పాలసీలో మొదటి 2 లక్షల టూవీలర్లకే, 5,000 సొంత కార్లకే అని ఉండేది, ఇప్పుడు ఆ పరిమితి లేదు. మంచిదే. కానీ అవతలి వైపు 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా పెట్రోల్ బళ్ల మీద జీఎస్టీని 28 నుంచి 18 శాతానికి దించారు, ఎలక్ట్రిక్‌కి పాత 5 శాతమే. ఒక చేత్తో ట్యాక్స్ మాఫీ, ఇంకో చేత్తో పెట్రోల్ బండి రేటు తగ్గింపు! కొనేవాడికి కనిపించేది రెండు ధరల మధ్య తేడా ఒక్కటే, ఆ తేడాని ప్రభుత్వాలే అటూ ఇటూ లాగుతున్నాయి.

నన్నడిగితే ఆ సబ్సిడీ డబ్బులో కొంత అపార్ట్‌మెంట్ సెల్లార్లలో మీటర్లకీ, డెలివరీ కుర్రాళ్ల లోన్లకీ పెట్టి ఉండాల్సింది.

మీరు రోజుకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారు, రాత్రి బండి ఎక్కడ పెడతారు, ఈ రెండూ కామెంట్‌లో రాయండి. వచ్చే వీడియోలో మీ లెక్కలే వేద్దాం.