ఫారంలో లేని గడి

అందరికీ నమస్కారం. మన ఆటోనగర్‌లో లేతు మిషన్ల మధ్య పెరిగినవాణ్ని, మైకు అంటే కాస్త టెన్షనే.

రెండేళ్ల కిందట గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు ఎత్తడానికి రోబో చెయ్యి ఒకటి పెట్టాం. టిక్కీ అంటే మిర్చి బస్తా, నలభై కిలోల పైమాటే. వారం రోజులు చక్కగా ఎత్తింది. ఆ తర్వాత దించేటప్పుడు వణకడం మొదలుపెట్టింది. విప్పి చూస్తే మోచేతి గేర్‌బాక్సు నిండా కారం దుమ్ము, గ్రీజులో కలిసి అచ్చం పండుమిర్చి పచ్చడిలా! పళ్లు అరిగి సందు వచ్చేసింది. దుమ్ము చొరబడని సీలు ఒకటి కుదిరేసరికి మాకు నాలుగు నెలలు పట్టింది.

ఆ రోజుల్లోనే ఒక సబ్సిడీకి దరఖాస్తు పెట్టాం. ఫారంలో ‘ఎన్ని పేటెంట్లు?’ అని గడి ఉంది. ‘మిషన్ ఆగకుండా ఎన్ని గంటలు నడిచింది?’ అనే గడి లేదు. మా నాలుగు నెలల సీలు ఏ గడిలో రాయాలి? సబ్సిడీ రాలేదు లెండి.

ఇలా పేటెంట్లు లెక్కపెట్టి డబ్బివ్వడం చైనాలో పెద్ద ఎత్తున జరిగింది. 2015లో ‘మేడ్ ఇన్ చైనా 2025’ అని పరిశ్రమల కోసం ఒక ప్రణాళిక పెట్టారు. 2020 కల్లా ఏటా లక్ష స్వదేశీ రోబోలు తయారవ్వాలన్నారు. పేటెంటు వేసినవాళ్లకు స్థానిక ప్రభుత్వాలు డబ్బులిచ్చాయి. అక్కడ యుటిలిటీ మోడల్ అని పదేళ్ల పేటెంటు ఒకటుంది, లోతుగా పరీక్షించకుండానే ఇచ్చేస్తారు. తలకింత అని ఇస్తే తలలే పెరుగుతాయి. చివరికి 2021లో వాళ్ల పేటెంటు కార్యాలయమే దరఖాస్తులకిచ్చే సబ్సిడీలు ఆపమంది.

అలాగని అంతా దండగ అనను. 2023లో ప్రపంచమంతా కొత్తగా బిగించిన పారిశ్రామిక రోబోల్లో సగానికి పైగా, సుమారు 2,76,000, చైనాలోనే బిగించారు. మన దేశంలో 8,510. కొనేవాడు పక్క వీధిలోనే ఉంటే పొద్దున చెడిన మిషన్‌కు సాయంత్రానికల్లా తిట్లు పడతాయి. ఒకప్పుడు జపాన్ గేర్‌బాక్సుల మీదే ఆధారపడ్డవాళ్లు ఇప్పుడు సొంతంగా చేసుకుంటున్నారంటే, నన్నడిగితే సబ్సిడీ కన్నా ఆ తిట్ల పుణ్యమే ఎక్కువ.

మన దగ్గర స్టార్టప్‌లకు పేటెంటు ఫీజులో 80 శాతం తగ్గింపు ఉంది. మంచిదే. నేనడిగేది ఇంకొకటి: సీజన్ పొడుగునా యార్డులో ఒక షెడ్డు. అక్కడ ఎవరి మిషన్ ఎన్ని గంటలు నడిస్తే దాన్నిబట్టి డబ్బు. దుమ్ముకు ఎలాగూ ఖర్చు లేదు.

ఆ పాత గేర్‌బాక్సు బయట బల్ల మీద పెట్టాను. మూత తీసి చూడండి. తుమ్ములొస్తే మాత్రం నన్ను తిట్టుకోకండి.