అదును, పదును, ఫ్రీజ్
(హనుమకొండలో ఇంజినీరింగ్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. నాకిచ్చింది ఇరవై నిమిషాలే కాబట్టి లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ పుట్టుపూర్వోత్తరాల జోలికి పోను. దాన్లో పెద్ద మార్పు ఎప్పుడు చేయాలి, ఎప్పుడు ఆగాలి అన్నదే చెప్తాను.

మాది పరకాల వైపు, పత్తి ఊరు. మృగశిర కార్తెలో ఒక్క వాన పడిందంటే సగం ఊరు ఇత్తులు పెట్టేది. మా నాయిన మాత్రం చేనుల గుంత తవ్వి చూసేవాడు. "పైన తడిసింది, లోపల పొడే ఉన్నది. ఆగుదాం" అనేవాడు. ఆగి నష్టపోయిన ఏళ్లూ ఉన్నాయి. ఆలస్యమైన పత్తికి చివర్లో గులాబీ పురుగు తగులుకునేది. అదునంటే కార్తె, పదునంటే నేలలో తడి. రెండూ ఒకేసారి కుదరడం అరుదు.

లైనక్స్‌లో ఒక రకమైన ఉబుంటు సంగతే చూడండి. 2017 అక్టోబరులో వచ్చిన 17.10 వెర్షన్‌లో తెర నడిపే పాత ఎక్స్‌ఆర్గ్‌ను పక్కనపెట్టి, అదే పని చేసే కొత్త వేలాండ్‌ను డిఫాల్ట్ చేశారు. ఆరు నెలలు తిరిగేసరికి 18.04లో మళ్లీ ఎక్స్‌ఆర్గే. స్క్రీన్ షేరింగ్, రిమోట్ డెస్క్‌టాప్ అప్పటికి కుదురుకోలేదు. పైగా 18.04 ఎల్‌టీఎస్, దీర్ఘకాల మద్దతు ఇచ్చే విడుదల, అంటే ఐదేళ్లు మోయాల్సిన బరువు. వేలాండ్ మళ్లీ డిఫాల్ట్ అయింది 2021లో, 21.04తో. 18.04లో వెనక్కి పోవడాన్ని చాలామంది వెనకడుగు అని నవ్వారు. నాకైతే మంచి సేద్యంలా కనిపిస్తుంది. ఆరు నెలలకోసారి వచ్చే మామూలు విడుదల ఉన్నదే గుంత తవ్వి చూడటానికి.

ఇంకో లైనక్స్ రకం డెబియన్ కథ వేరు. సిస్టమ్‌డీని డిఫాల్ట్ ఇనిట్‌గా, అంటే యంత్రం లేవగానే మిగతా ప్రోగ్రాములను లేపే ప్రోగ్రాముగా, పెట్టాలని టెక్నికల్ కమిటీ 2014 ఫిబ్రవరిలో తేల్చింది. ఫ్రీజ్, అంటే విడుదలకు ముందు కొత్త మార్పులకు తలుపు మూసే రోజు, నవంబరు 5న. మధ్యలో తొమ్మిది నెలలున్నాయి, తేదీల లెక్కన చక్కని అదునే. కానీ మనుషుల మనసుల్లో పదును లేదు. సరిగ్గా ఫ్రీజ్ మొదలయ్యే రోజుల్లో ఇనిట్ మీద సభ్యులందరి ఓటింగ్ పెట్టారు. అంత రచ్చ జరిగాక, అసలు తీర్మానమే అక్కర్లేదన్న ఎంపిక గెలిచింది! ఈలోగా కొందరు ముఖ్యులు విసిగి తప్పుకున్నారు, ఇంకొందరు సిస్టమ్‌డీ లేని డెవువాన్ పేరుతో వేరుకుంపటి పెట్టుకున్నారు. ఆ డెబియన్ విడుదల, పేరు జెస్సీ, మాత్రం 2015 ఏప్రిల్‌లో సిస్టమ్‌డీతోనే వచ్చింది. సిస్టమ్‌డీ మంచిదా చెడ్డదా అని నన్నడగకండి, మనం సాయంత్రం బస్సు పట్టుకోవాలి. ఇత్తు మొలిచాక విత్తన రకం మీద పంచాయితీ పెట్టారన్నదే నా బాధ.

అదే డెబియన్ పదేళ్లకు ఇంకో పని చేసింది. సెకన్లను 32 బిట్ల అంకెలో లెక్కపెట్టే కంప్యూటర్ గడియారం 2038 జనవరి 19న, మన టైంలో మంగళవారం పొద్దున 8:44కి నిండిపోతుంది. ఆ రోజుకు ఇంకా పద్నాలుగేళ్లుండగానే, 2024 మొదట్లో, ఆర్మ్ రకం ప్రాసెసర్ ఉన్న 32 బిట్ల యంత్రాల కోసం వందల లైబ్రరీలను (ప్రోగ్రాములు పంచుకునే కోడ్ ముక్కలను) 64 బిట్ల కాలానికి మార్చడం మొదలుపెట్టారు. అంత తొందరేమిటి అనిపిస్తుంది. ఆ పని సగంలో ఉండగా మార్చి 29న ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ ప్రోగ్రాములో ఎవరో పెట్టిన దొంగదారి బయటపడి అందరి దృష్టీ అటు మళ్లింది. అయినా నెత్తిమీద ఫ్రీజ్ లేదు. అది మొదలైంది 2025 మార్చిలో. ఆ విడుదల, ట్రిక్సీ, ఆగస్టులో వచ్చింది.

ఐ386ను, అంటే పాత 32 బిట్ల ఇంటెల్ తరహా పీసీల రకాన్ని, మాత్రం ముట్టుకోలేదు. దాన్ని ఎక్కువగా వాడేది పాత బైనరీలు, అంటే ఎప్పుడో తయారుచేసి పెట్టిన ప్రోగ్రాములు, నడపడానికే; గడియారం మారిస్తే అవి సరిగా పనిచేయకపోవచ్చు. ఆ చేను బీడు పెట్టేశారు.

ఇక ప్రశ్నలుంటే అడగండి.