లామ్డా అతుకు కాదు

మిత్రులారా, బెంగళూరు ట్రాఫిక్ దాటుకుని సాపేక్షతా సిద్ధాంతం గురించి వినడానికి ఇంతమంది తెలుగువాళ్లు రావడం సంతోషం. బ్లాక్ హోల్‌ను కదిలిస్తే ఎలా కంపిస్తుందో 1970లో లెక్కగట్టిన సి.వి. విశ్వేశ్వర ఆ తర్వాత ఈ ఊళ్లోనే పనిచేశారు. ఇక్కడి ప్లానెటేరియం ఆయన తీర్చిదిద్దిందే.

విశ్వం నిశ్చలమని అందరూ నమ్మిన రోజుల్లో, 1917లో, ఐన్‌స్టైన్ తన గురుత్వ సమీకరణంలో లామ్డా అనే స్థిరాంకం చేర్చారు. ఖాళీ స్థలానికే ఉండే శక్తిలా పనిచేసి, విశ్వాన్ని తన బరువుకు కూలిపోకుండా నిలిపే పదం అది. విశ్వం విస్తరిస్తోందని తేలాక 1931లో ఆయనే వదిలేశారు. ఆ విస్తరణ వేగం పెరుగుతోందని 1998లో సూపర్‌నోవాలు, అంటే పేలిపోయే నక్షత్రాలు, చూపించాక అది తిరిగొచ్చింది. ఈ కథ వింటే లామ్డా ఏదో అవసరానికి వేసిన అతుకనిపిస్తుంది. ఆ అభిప్రాయం పోగొట్టాలనే నా తాపత్రయం.

దేశకాల జ్యామితి నుంచి, అంటే స్థలకాలాల ఆకారం నుంచి, శక్తి నిత్యత్వం చెడకుండా, రెండో డెరివేటివ్ (మార్పు రేటులోని మార్పు) దాటకుండా గురుత్వ సమీకరణంలో ఏ పదాలు రాయగలం? 1971లో గణితవేత్త డేవిడ్ లవ్‌లాక్ ఇచ్చిన జవాబు చూడండి: నాలుగు డైమెన్షన్లలో (స్థలానికి మూడు, కాలానికి ఒకటి) రెండే పదాలు. ఒకటి ఐన్‌స్టైన్ వక్రత పదం, రెండోది లామ్డా. గణితం దాన్ని ముందే మన చేతిలో పెట్టింది. లామ్డా సున్నా అనేవాళ్లే కారణం చూపాలి.

ఐదో డైమెన్షన్ చేర్చగానే మూడో పదానికి ప్రాణం వస్తుంది. వక్రతను వక్రతతోనే గుణించి కట్టే దాని పేరు గాస్-బానే పదం. నాలుగింటిలో ఉన్నా సమీకరణాలను కదిలించదు. ఐదింటిలో మాత్రం, లామ్డా సున్నా పెట్టినా, లామ్డా ఉన్నట్టే వంపు తిరిగిన శూన్య విశ్వం ఒక పరిష్కారంగా దొరుకుతుంది! నాకు ఇందులో అన్నిటికన్నా ఇష్టమైన ఫలితం ఇదే.

1999లో భౌతిక శాస్త్రవేత్తలు రాండల్, సుండ్రమ్ మన లోకాన్ని ఐదు డైమెన్షన్లలో ఒక పొరగా ఊహించారు. పొర బయటి ఐదు డైమెన్షన్ల లోకంలో లామ్డా రుణాత్మకం. పొర బిగువు, అంటే పొరలోని శక్తి, దానికి సరిగ్గా సరిపోతే మనకు కనిపించే లామ్డా సున్నా అవుతుంది. ఎంతో అందమైన ఆలోచన. కానీ "సరిగ్గా" అన్న మాట దగ్గర నేను ఆగిపోతాను. ఖాళీ స్థలపు శక్తికి క్వాంటమ్ సిద్ధాంతం ఇచ్చే మామూలు అంచనా, కొలిచిన లామ్డా కన్నా దాదాపు ఒకటి పక్కన 120 సున్నాలంత రెట్లు పెద్దది. ఐదో డైమెన్షన్ ఆ చిక్కు విప్పలేదు, దాన్ని పొర మీదికి మార్చింది.

అయినా ఈ దారి నాకు విలువైనదే, ఎందుకంటే దీన్ని ప్రయోగంతో పరీక్షించవచ్చు. అదనపు డైమెన్షన్ తగినంత పెద్దదైతే అతి దగ్గర దూరాల్లో న్యూటన్ విలోమ వర్గ నియమం (దూరం రెట్టింపైతే ఆకర్షణ నాలుగో వంతు) తప్పాలి. లామ్డా శక్తి సాంద్రత నుంచి లెక్కగడితే వచ్చే దూరం సుమారు 85 మైక్రోమీటర్లు. 2020లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం అంతకన్నా దగ్గరగా, 52 మైక్రోమీటర్ల దాకా వెళ్లి కొలిచింది. నియమం అక్కడా నిలబడింది.