పోల్చుకోవడం వేరు, పోల్చి చూడడం వేరు

తోటి ఉపాధ్యాయులందరికీ నమస్కారం.

ఇంకొన్ని రోజుల్లో మనలో చాలామందికి ఇన్విజిలేషన్ డ్యూటీలు పడతాయి. చేతిలో హాల్ టికెట్, ఎదురుగా బెంచీ మీద పిల్లవాడు. ఫొటోలో ఉన్నది వీడేనా అని ఒక్క చూపు చూసి సంతకం పెడతాం. ఆ ఒక్క చూపు ఎంత కష్టమైనదో నాకు ఆలస్యంగా తెలిసింది.

కొన్నేళ్ల కిందట పదో తరగతి పరీక్షల్లో ఒక అబ్బాయి దగ్గర ఆగిపోయాను. ఫొటోలో ఒత్తైన జుట్టు, ఎదురుగా ఉన్నవాడికి గుండు. వేరే ఎవరో అనిపించింది. చీఫ్ సూపరింటెండెంట్‌ను పిలిపించాను, ప్రశ్నల మీద ప్రశ్నలు వేశాం. తిరుపతిలో మొక్కు తీర్చుకుని వచ్చాడని తేలేసరికి పావుగంట పోయింది. వణుకుతున్న చేతులతోనే వాడు పరీక్ష రాశాడు. తప్పు నాది. ఆ బాధతోనే ఈ విషయం గురించి చదవడం మొదలుపెట్టాను.

గుండు కొట్టించినంత మాత్రాన వాళ్లమ్మ వాణ్ణి పోల్చుకోలేకపోతుందా? నేనెందుకు పోల్చుకోలేకపోయాను? తెలిసిన మొహాన్ని మనం ముఖ్యంగా కళ్లు, ముక్కు, నోటిని బట్టి గుర్తుపడతాం. కొత్త మొహమైతే జుట్టు మీద, మొహం అంచుల మీద ఎక్కువ ఆధారపడతాం. బ్రిటన్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త హేడన్ ఎల్లిస్, ఆయన సహచరులు 1979లోనే ఈ తేడా చూపించారు. ‘ముక్కూ మొహం తెలియని మనిషి’ అని మనవాళ్లు అనే మాట ఎంత నిజమో అప్పుడు అర్థమైంది. మనిషి ఎదురుగానే ఉంటాడు, ఆ ముక్కూ మొహమూ ఇంకా మనకు తెలియవు.

నన్ను బాగా కదిలించిన ప్రయోగం 2011లో మనస్తత్వ శాస్త్రవేత్త రాబ్ జెంకిన్స్ బృందం చేసింది. నెదర్లాండ్స్‌లో పేరున్న ఇద్దరి ఫొటోలు, ఒక్కొక్కరివి 20 చొప్పున మొత్తం 40, కలిపేసి బ్రిటన్‌వాళ్ల చేతికిచ్చారు. ఎవరి ఫొటోలు వాళ్లవిగా వేరు చేయమన్నారు. ఇద్దరే ఉన్నారని చెప్పలేదు. సగటున ఏడెనిమిది కుప్పలు పెట్టారు! అవే ఫొటోలు నెదర్లాండ్స్‌వాళ్లకిస్తే దాదాపు అందరూ రెండే కుప్పలు పెట్టారు. వెలుతురు, కోణం, కెమెరా, నవ్వు మారితే చాలు, ఒకే మొహం అంతగా మారిపోతుంది. మనవాళ్ల విషయంలో ఆ మార్పులన్నీ ఏళ్ల తరబడి చూసి ఉంటాం కాబట్టి అవి మన కంటికి ఆనవు. నా దృష్టిలో పరిచయం అంటే అదే.

తెలిసినవాళ్లను పోల్చుకుంటాం. తెలియనివాళ్లను పోల్చి చూస్తాం. మొదటిది అంత సులువుగా వస్తుంది కాబట్టి రెండోది కూడా వచ్చనుకుంటాం. అనుభవం ఉంటే వస్తుందనీ అనుకుంటాం. 2014లో ఆస్ట్రేలియా పాస్‌పోర్ట్ అధికారుల మీద జరిగిన పరీక్షలో, ఎదుట నిలబడ్డ మనిషిదే అన్నట్టు వేరొకరి ఫొటో చూపిస్తే, అధికారులు వందకు 14 సార్లు సరేనన్నారు. సర్వీసు పెరిగినా తప్పులు తగ్గలేదు.

ఎన్నికల డ్యూటీ చేసినవాళ్లకు తెలుసు, ఓటరు మీద అనుమానం ఉంటే పోలింగ్ ఏజెంట్ రెండు రూపాయలు కట్టి చాలెంజ్ చేయవచ్చు. ఆ ఏర్పాటు నాకు చాలా తెలివైనదిగా కనిపిస్తుంది. ఏజెంట్ పార్టీ మనిషే కావచ్చు, కానీ సాధారణంగా ఊరివాడు. ఆ మొహాలు అతనికి తెలుసు.

పరీక్ష హాల్లో మనకు ఆ వసతి లేదు. అక్కడ చేయగలిగింది, మొహం మొత్తాన్ని చూసి ‘వీడే’ అనో ‘కాదు’ అనో తేల్చేయకుండా, చెవి ఆకారం, మచ్చలు, పుట్టుమచ్చలు ఒక్కొక్కటిగా చూడడం. ఫోరెన్సిక్ నిపుణులూ ఇలాగే చూస్తారు. పదో తరగతి పిల్లల వివరాల్లో రెండు పుట్టుమచ్చలు రాసే కాలమ్ ఉంది కదా, ఆఖరి రోజు హడావిడిలో దాన్ని నింపేయకండి. పిల్లల్ని ఎదురుగా నిలబెట్టుకుని, చూసి రాయండి.

జుట్టు, గడ్డం చూసి మాత్రం ఎవరినీ ఆపకండి. అప్పటికీ అనుమానం తీరకపోతే పిల్లవాణ్ణి టెన్షన్ పెట్టకుండా పరీక్ష రాయనివ్వండి. ఈలోగా వాళ్ల హెడ్‌మాస్టర్‌కు కబురు చేయండి. ఆయన గుమ్మంలోంచే పోల్చుకుంటారు.