ఆ చెయ్యి సంగతి ఆవిడనే అడుగుదాం

అందరికీ నమస్కారం. ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ చదువుతున్న పిల్లలు ఎక్కువమంది కనిపిస్తున్నారు కాబట్టి నేరుగా విషయంలోకి వస్తాను.

మన విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో చేపలు కోసే ఒకావిడ, కుడి మణికట్టు విరిగి నా దగ్గరికి వచ్చింది. కట్టు విప్పాక కొన్ని వారాలు వ్యాయామాలు చేయించాను. కీలు ఎంత వంగుతుందో కొలిచే గోనియోమీటర్‌తో వంపు చూశాను, పట్టు బలం కొలిచే డైనమోమీటర్ ఇచ్చి గట్టిగా పట్టమన్నాను. రెండూ బాగా పెరిగాయి. "చెయ్యి బాగైనట్టే కదమ్మా?" అంటే "పర్లేదు బాబూ" అంది. వెళ్తూ వెళ్తూ సంచి ఎడమ చేత్తో అందుకుంది. ఆపి అడిగాను. తడి చీర పిండలేకపోతోందట. కత్తిపీట ముందు కూర్చుంటే, పెద్ద చేపను కత్తికి అదిమిపట్టడానికి మణికట్టు సహకరించడం లేదట. అన్ని వారాల్లో నేను ఒక్కసారైనా ఆ మాట అడగలేదు. ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇలా అడగడం కోసమే ప్రశ్నాపత్రాలు వచ్చాయి. ఎక్కువగా వాడేది డ్యాష్ (DASH), అంటే భుజం నుంచి చేతి వరకు ఉన్న ఇబ్బందిని కొలిచే ప్రశ్నాపత్రం. 1996లో వచ్చింది, 30 ప్రశ్నలు. గడిచిన వారంలో ఫలానా పని ఎంత కష్టమైందో 1 నుంచి 5 వరకు పేషెంటే చెప్పాలి. లెక్క సులువు: అన్నిటికీ జవాబిచ్చి మొత్తం 90 వస్తే, సగటు 3. అందులోంచి 1 తీసేసి 25తో గుణిస్తే 50. సున్నా అంటే ఇబ్బంది లేదని, 100 అంటే చెయ్యి దాదాపు పనిచేయడం లేదని అర్థం. 30లో కనీసం 27 ప్రశ్నలకు జవాబు ఇచ్చి ఉంటేనే ఆ స్కోరు వేయాలి. టైమ్ లేనప్పుడు 11 ప్రశ్నల క్విక్‌డ్యాష్ ఉంది.

ఇక్కడే జాగ్రత్త కావాలి. పని ఏ చేత్తో చేశారన్నది డ్యాష్ పట్టించుకోదు. హార్బర్ ఆవిడ ఎడమ చేత్తో నెట్టుకొస్తే స్కోరు బాగానే కనబడుతుంది. ఒక్క చేతి సంగతే తెలియాలంటే 1998లో వచ్చిన మిషిగన్ ప్రశ్నాపత్రం మేలు. అందులో చాలా ప్రశ్నలు కుడి, ఎడమ చేతులకు వేరువేరుగా ఉంటాయి. చెయ్యి చూడ్డానికి ఎలా ఉందో కూడా అడుగుతుంది. కాలిన మచ్చలున్న అమ్మాయికి అది చిన్న ప్రశ్న కాదు.

ఇంకోటి. డ్యాష్‌లో స్వెటర్ వేసుకోవడం గురించి ఉంది. విశాఖ ఉక్కపోతలో ఎవరికి కావాలండీ స్వెటర్! చేత్తో అన్నం కలుపుకుని తినడం గురించి మాత్రం లేదు. అలాగని మనకు తోచినట్టు ప్రశ్నలు మార్చేస్తే ఆ స్కోరును ఇంకెక్కడా పోల్చలేం. అనువాదానికి ఒక పద్ధతి ఉంది: ఇద్దరు విడివిడిగా తెలుగు చేయాలి, ఆ తెలుగును ఇంకో ఇద్దరు మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పాలి, తర్వాత పేషెంట్ల దగ్గర పరీక్షించాలి. అన్నం ముద్ద సంగతి స్కోరులో కలపకుండా, విడిగా అడిగి రాసుకోండి.

చదవడం రానివాళ్లకు మీరే చదివి వినిపించండి. పక్కనున్నవాళ్ల చేతికి పెన్ను ఇవ్వకండి. గాజువాక నుంచి వచ్చిన ఒక పెద్దావిడ ఫారం కొడుకే తీసుకుని, "అమ్మ అన్నీ చేసుకుంటోంది సార్" అంటూ రెండు నిమిషాల్లో టిక్కులు పెట్టేశాడు. అతన్ని బయట కూర్చోమని, అదే కాగితం ఆవిడకు చదివాను. తల రుద్దుకునే ప్రశ్న దగ్గర ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా అంది: "మా కోడలు రుద్దుతోంది బాబూ. ఆడికి తెలీదు."