హామ్ పట్టణంలో అమ్మవారి తేరు

ఈ గోపురం ఎక్కడిదో చెప్పుకోండి చూద్దాం. చుట్టూ ఫ్యాక్టరీ షెడ్లు, లారీలు తిరిగే వెడల్పాటి రోడ్డు. కంచి కాదు, మధుర కాదు. జర్మనీలోని హామ్ పట్టణం శివార్లలో ఉన్న ఉంట్రోప్ పారిశ్రామికవాడ ఇది. 17 మీటర్ల ఎత్తున్న ఈ గోపురం కామాక్షి అమ్మవారి గుడిది. ఇక్కడి తమిళులు కామాచ్చి అంబాళ్ అంటారు.

నమస్కారం అండి. మేము ఉండే డార్ట్‌మండ్ నుంచి హామ్‌కు రైల్లో అరగంట కూడా పట్టదు. ఏటా తేరు రోజున వద్దామనుకుంటూనే వాయిదా వేస్తూ వచ్చాను. ఈసారి అమ్మ రాజోలు నుంచి వచ్చి ఉండటంతో కుదిరింది. అంతర్వేది తేరు చూస్తూ పెరిగిన మనిషి. ఈ దేశంలో తేరు లాగుతారంటే నమ్మలేదు. "ఏదో చిన్న బండి మీద ఊరేగిస్తారేమోలే" అంది.

ఇదిగో, గుడి మలుపు తిరిగి వస్తోంది చూడండి. నాదస్వరం వినిపిస్తోంది కదా! తేరు నిండా పూలదండలు, ముందు బారుగా మోకులు, వాటిని పట్టుకుని ఎంతమంది జనమో. కర్పూరం పొగలో అమ్మవారి ముఖం ఒక్క క్షణం కనిపించి మళ్లీ దాగింది. మా అమ్మ దండం పెట్టుకుని, ముందు చక్రాల వైపు చూసింది. 2020 సెప్టెంబరులో అంతర్వేది రథం కాలిపోయిన రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మరుసటి సంవత్సరం కొత్త రథం కదిలిందని తెలిసేదాకా ఆ మాట ఎత్తితే చాలు, కళ్లు తుడుచుకునేది.

తేరు వెనక కొందరు తడిబట్టలతో రోడ్డు మీద పొర్లుదండాలు పెడుతున్నారు. వీపుకు కొక్కేలు గుచ్చుకుని కావడి మోస్తున్నవారూ ఉన్నారు. అక్కడ నేను కెమెరా దించేశాను. అది వాళ్ల మొక్కు, మన వీడియో కోసం కాదు.

గుడి కథ కూడా చెప్పాలి. 1983లో శ్రీలంకలో తమిళుల మీద దాడులు జరిగాక ఎన్నో కుటుంబాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని ఈ దేశానికి వచ్చాయి. ఈ గుడిని స్థాపించిన పూజారి 1985లో వచ్చారు. మొదట హామ్‌లో ఒక ఇంటి నేలమాళిగలో పూజలు మొదలుపెట్టారు. జనం పెరిగారు, ఊరేగింపు పెరిగింది, ఆ వీధి చాలలేదు. చివరికి ఇక్కడ స్థలం దొరికి, 2002లో కుంభాభిషేకం జరిగింది. మనలో చాలామందిమి చదువుకో ఉద్యోగానికో వచ్చాం, ఊరు మీద బెంగ పుడితే టికెట్ కొనుక్కుని వెళ్లగలం. వాళ్లకు ఆ దారి మూసుకుపోయిన రోజుల్లో పుట్టిన గుడి ఇది. అందుకే ఇక్కడ మోకు పట్టుకున్న చేతుల్ని చూస్తుంటే నాకు గొంతు పూడుకుపోయింది.

అమ్మ పక్కన జాఫ్నా నుంచి వచ్చిన ఒక పెద్దావిడ నిలబడింది. ఆవిడ తమిళంలో ఏదో అంటే మనవరాలు జర్మన్‌లో నాకు చెప్పింది, నేను తెలుగులో అమ్మకు చెప్పాను. రెండు మాటలయ్యాక మా ఇద్దరి అవసరం లేకపోయింది. ఆవిడ "తేర్" అంది, అమ్మ "తేరే" అంది. ఆవిడ కొబ్బరికాయ చూపించి "తేంగాయ్" అంది, అమ్మ "మాకూ టెంకాయే" అంది. ఇద్దరూ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని నవ్వారు. ఆవిడ కాస్త జరిగి మోకు మీద అమ్మకు చోటిచ్చింది.

నేను వద్దన్నాను, మోకాలి నొప్పి ఉంది కదా అని. వినలేదు. ఎంత దూరం లాగిందో ఈ వీడియోలో పూర్తిగా లేదు, మధ్యలో కెమెరా మా ఆయన చేతికిచ్చి నేనూ మోకు పట్టుకున్నాను.

ఆ తరువాత ప్రసాదం తిని, దగ్గర్లోనే ఉన్న డాట్టెల్న్-హామ్ కాలువ గట్టు దాకా నడిచాం. తేరు మరునాడు అమ్మవారికి తీర్థస్నానం ఈ కాలువలోనే. సరుకు పడవలు తిరిగే కాలువ ఇది. అమ్మ గట్టున కూర్చుని నీళ్లు తలమీద చల్లుకుంది. ఎర్రబారిన అరచేతులు చూసుకుంటూ, రేపు పొద్దున మొదటి రైలు ఎన్నింటికో చూడమంది.